పావగడ యెండపొలములు

హిందూపురమున రైలు దిగి మడకశిర మీదుగా పావగడకు పోవు త్రోవలో రాష్ట్రపు పొలిమేర యెక్కడ దాటితిమో మాకు తెలియలేదు. దుకాణముల పలకలమీది అక్షరములు తెనుగునుండి కన్నడమునకు మారినవి గాని బస్సులోని మాట మారలేదు. పావగడ తాలూకా కర్ణాటకమున తుమకూరు జిల్లాలో చేరినదే యైనను, మూడువైపుల దానిని చుట్టుకొని యున్నవి ఆంధ్రదేశపు గ్రామములే. సంతలో బేరము తెనుగున సాగును; కచేరీలో అర్జీ కన్నడమున వ్రాయబడును; ఆడువారు రెండు భాషలను ఒక్క వాక్యమున కలిపి మాటలాడుదురు. చుట్టును గుండ్రాళ్ల గుట్టలు, నడుమ ఎఱ్ఱనేల, అక్కడక్కడ చింతచెట్లు, కానుగచెట్లు. వాన తక్కువ. బావినీటిలో ఫ్లోరైడు ఎక్కువ. వేరుసెనగ విత్తి ఆకాశమువంక చూచుట ఈ సీమవారికి తరతరముల అలవాటు. అట్టి కరవుసీమలో కాయుచున్న ఎండనే పంటగా తీయుచున్నారని విని, ఆ పంట యెట్లు పండుచున్నదో, ఎవరి గాదె నిండుచున్నదో కన్నులార చూడవలెనని మేమును మా వదినగారును బయలుదేరితిమి.

పావగడ ఊరికి నెత్తిమీద రాతికోట కలదు. పాళెగాండ్రనాటి గోడలు కొండ చుట్టును ఇప్పటికిని నిలిచియున్నవి. ఊరిలో శనైశ్చరుని గుడి మిక్కిలి ప్రసిద్ధము. శనివారములందు దూరప్రాంతములనుండి జనులు వచ్చి మ్రొక్కులు చెల్లించుకొని పోవుదురు. శనైశ్చరుడు సూర్యునికి ఛాయాదేవియందు కలిగిన కుమారుడని మన యిండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. తండ్రి ఎండ, తల్లి నీడ. గుడిలో ఆ మాట మాకు పురాణముగనే తోచినది. మధ్యాహ్నమునకు దానికి మఱియొక అర్థము దొరకినది. ఆ సంగతి ముందు చెప్పెదము.

ఊరు దాటి తిరుమణి త్రోవ పట్టగా కొంతదూరము మామూలు పొలములే. పిదప ఒక్కమలుపున నేల రంగు మారిపోయినది. ఎఱ్ఱమట్టికి బదులు నల్లనిదనవచ్చునో నీలమనవచ్చునో తెలియని పలకలు, వరుస వెనుక వరుసగా, గుట్ట అడుగువరకు పరచియున్నవి. దూరమునుండి చూచి మా వదినగారు చెరువనుకొనిరి. ఈ సీమలో అంతటి చెరువు నిండియుండుట జరుగునా అని ఆమెయే మరల నవ్వుకొనిరి. తిరుమణి, బాలసముద్రము, వళ్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను అయిదు గ్రామముల పొలములు కలిసి సుమారు 13,000 ఎకరముల మేర ఈ క్షేత్రము వ్యాపించి యున్నది. దీనికి శక్తిస్థలమని పేరుపెట్టి 2018 మార్చి 1వ తేదీన అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారు ప్రారంభించిరి. 2019 చివరకు దీని సామర్థ్యము 2,050 మెగావాట్లకు చేరినది. మెగావాటనగా పదిలక్షల వాట్లు. వేయివాట్ల ఇస్త్రీపెట్టెలను ఇరువదిలక్షల యేబదివేలు ఒక్కమారు వేడిచేయుటకు చాలునంత బలమన్నమాట. ఐతే అది ఎండ నిండుగా కాయు గడియలలో మాత్రమే.

భూమి సంగతి ఇచ్చట కొంచెము వింతగా నున్నది. పెద్ద కార్ఖానాలకు భూమిని కొని రైతులను పంపివేయుట మనము చాలచోట్ల విన్నాము. ఇచ్చట కొనలేదు, గుత్తకు తీసికొన్నారు. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకమారు నూటికి అయిదువంతున పెంపు. పట్టా రైతు పేరనే యుండును. వేరుసెనగ ఎండిపోయిన యేట చేతికి పైసా రాని మెట్టచేనికి ఇది కొంచెము ధనము కాదు. పాతయప్పులు తీర్చుకొన్నవారును, పిల్లలను పట్టణమున చదివించుకొనుచున్నవారును ఉన్నారని త్రోవపొడుగున వింటిమి. పట్టా లేనివారి మాట వేరు.

మాకు క్షేత్రము చూపిన ఇంజనీరు ధర్మవరమువైపు అమ్మాయి. తలకు గట్టి టోపీ, కాళ్లకు బూట్లు, నడుమునకు చున్నీ బిగించి, ఎండను లెక్కపెట్టక వరుసల నడుమ నడచిపోవుచుండెను. "పలకలు పరచడం సులభమేనమ్మా. సూర్యుడితో లెక్క కుదుర్చుకోవడమే కష్టం" అనెను. ఆ లెక్క ఏమని మేమడుగగా ఒక పలక నీడన కూర్చుండబెట్టి చెప్పసాగెను. చెప్పుటలో ఆమెకు నేర్పు కలదు; మేము విన్నదానిని విన్నట్లు వ్రాయుచున్నాము.

పలకలోనున్నది సిలికాను, అనగా ఇసుకనుండి తీసిన పదార్థము. వెలుతురు తగిలినప్పుడు విద్యుత్తు పుట్టుట 1839లోనే ఫ్రాన్సుదేశమున ఎడ్మండ్ బెకరెల్ అను పందొమ్మిదేండ్ల యువకుడు కనిపెట్టెను. పనికివచ్చు సిలికాను సెల్లును అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు 1954లో చూపిరి. నాడది తనపై పడిన ఎండలో నూటికి ఆరుపాళ్లనే విద్యుత్తుగా మార్చగలిగెను. ఒక్కొక్క సెల్లు ఇచ్చు ఒత్తిడి అరవోల్టును కొంచెము మించును, అంతే. డెబ్బదిరెండు సెల్లులను దండగ్రుచ్చినట్లు గ్రుచ్చి ఒక పలక; పలకలను మరల దండగ్రుచ్చి వేయి, వేయిన్నరవోల్టుల వరుస. ఇంతవరకు మేమును తేలికగనే గ్రహించితిమి.

"రేపు మధ్యాహ్నం పన్నెండింటికి ఈ పలక ఎంత ఇస్తుంది? ఇది చెప్పలేకపోతే మా ఉద్యోగం లేదు" అనెను. చెప్పుటకు పలకను గణితముతో బొమ్మకట్టవలెను. దీనినే నమూనా అందురు. ఆమె చెప్పిన పోలిక యిది. మీ యింటి మేడమీది నీళ్లతొట్టిని తలచుకొనుడు. పైనుండి కొళాయిధార పడుచున్నది. అది ఎండవలన పుట్టిన ప్రవాహము. ఒక మట్టమునకు రాగానే నీరు పొర్లిపోవుటకు గొట్టము కలదు. దానికి డయోడని పేరు. తొట్టిగోడలో సన్నని పగులు కలదు. అందుండి కొంత కారిపోవును. తొట్టినుండి ఇంటిలోనికి వచ్చు గొట్టము ఇఱుకు. అచ్చట కొంత బలము తగ్గును. ధార ఎంత, పొర్లుగొట్టము ఏ మట్టమున తెరచుకొనును, ఎంత చుఱుకుగా తెరచుకొనును, పగులెంత, ఇఱుకెంత, ఈ అయిదు సంఖ్యలు దొరకినచో పలక యే యెండలో ఏమి చేయునో కాగితముమీద ముందే చూచుకొనవచ్చును. పలకలు తయారుచేయువారు అట్టమీద అచ్చువేసి యిచ్చు రెండుమూడు కొలతలనుండి ఈ అయిదు సంఖ్యలను రాబట్టుటయే పెద్ద విద్యయట. పగులు, ఇఱుకు అనునవి ఏండ్లు గడచినకొలది పెరుగును గనుక ఆ సంఖ్యలను మరల మరల సరిచూచుచుండవలెను.

ఎండ ఎంత మండిన అంత విద్యుత్తు వచ్చునని మేమనుకొనుచుంటిమి. మీరును అట్లే అనుకొనుచుందురు. వెలుతురు వేరు, వేడిమి వేరు. వెలుతురు పెరిగిన ధార పెరుగును. వేడిమి పెరిగిన పొర్లుగొట్టము క్రిందికి దిగును. పలకల సామర్థ్యమును కొలుచునది ఇరువదియైదు డిగ్రీల వేడిమిలో. అటుపైన ఒక్కొక్క డిగ్రీకి నూటికి సుమారు 0.4 పాలు తగ్గిపోవును. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున సెల్లు అరువదియైదు డిగ్రీలకు కాగినచో నూటికి పదునారుపాళ్లు వేడిమికే ఆహుతి. వెలుతురు సమానముగానున్న యెడల మార్గశిరమాసపు తేటయుదయమున పలక ఎక్కువ హుషారుగా పనిచేయును. పలకలను నేలకానించక ఎత్తున నిలిపి క్రిందినుండి గాలి ఆడనిచ్చుట ఇందువలననే. మేడమీద పలకలు వేయించుకొనువారు స్థలము కలిసివచ్చునని వానిని కప్పునకు అంటించి వేయించిన ఈ నష్టమే కలుగును.

ఇక అదుపు సంగతి. పలకనుండి ప్రవాహమును ఎంత కావలసిన అంత లాగవచ్చును గాని, మితిమీరి లాగిన ఒత్తిడి పడిపోవును. ఏమియు లాగకున్న ఒత్తిడి నిండుగానుండియు పని సున్న. ఈ రెంటి గుణకారమే మనకు దక్కు శక్తి. ఇది వినగానే మాకు కపిలబావి జ్ఞాపకమువచ్చినది. రాయలసీమలో పుట్టిన ముసలివారు కపిల తోలుట నెఱుగుదురు. బాన మరీ పెద్దదైన ఎద్దులు కదలవు. మరీ చిన్నదైన ఎద్దులు పరుగెత్తును గాని కాలువలో నీరు పారదు. నడుమ నొక కొలత కలదు. అట్లే పలకకును ఒక కొలత కలదు. దానిని గరిష్ఠశక్తి బిందువందురు. చిక్కేమనగా ఈ యెద్దుల బలము నిమిషనిమిషమునకు మారును. మబ్బు వచ్చిన ఒక కొలత, తొలగిన మఱియొకటి, గాలి వీచి పలక చల్లబడిన వేరొకటి. కావున ఇన్వర్టరను యంత్రము లోపల నొక చిన్న గణకయంత్రము కూర్చుండి, పులుసులో ఉప్పు కొంచెము వేసి రుచిచూచినట్లు, ఒత్తిడిని రవ్వంత మార్చి శక్తి పెరిగినదా తగ్గినదా అని చూచుచుండును. పెరిగిన ఆ వైపునకే మఱియొక అడుగు, తగ్గిన వెనుకకు. పగలంతయు, సెకనుకు అనేకమారులు, దానికిదే పని. ఆ పెట్టెవద్ద చెవియొగ్గిన తుమ్మెదల రొదవంటి చప్పుడు వినవచ్చును. అంతమాత్రమున దాని పని ముగియదు. పలకలు ఇచ్చునది ఒకేవైపు పాఱు విద్యుత్తు; మన యిండ్లకు వచ్చునది సెకనుకు యాబదిమారులు ఇటునటు ఊగు విద్యుత్తు. ఆ ఊపును నేర్పించి 220 వేల వోల్టులకు, పిదప 400 వేల వోల్టులకు పెంచి పెద్దతీగలమీదికి ఎక్కించుచున్నారు.

ఇప్పుడు ఛాయాదేవి సంగతి. దండలో ఒక్క పువ్వు వాడిన తక్కిన పూవులకేమి నష్టమని మనమనుకొందుము. సెల్లుల దండ అట్టిది కాదు. ఒక్క సెల్లుమీద నీడ పడిన ఆ దండయంతటి ప్రవాహమును అది అడ్డగించును. తక్కిన సెల్లుల బలము దానిమీద పడి అది కాగి మాడిపోవుటయు కలదు. అందుచేత కొన్ని సెల్లులకొకటి చొప్పున ప్రక్కదారి డయోడులు పెట్టుదురు. ప్రవాహము ఆ దారిన తప్పించుకొని పోవును. పలక బ్రతుకును గాని శక్తి తగ్గును. అంతకంటె ఘోరమేమనగా నీడ పడినప్పుడు గరిష్ఠబిందువులు రెండు మూడు కనబడును. మంచులో గుట్టయెక్కువాడు చిన్నదిబ్బ నెక్కి, ఇటునటు అడుగువేసి చూచి, ఏవైపునను పల్లమే గనుక ఇదియే శిఖరమని అచ్చట కూర్చుండినట్లు, ఇన్వర్టరు చిన్నబిందువువద్ద ఆగిపోవును. ఆ మోసమునుండి దానిని తప్పించుటకు అప్పుడప్పుడు కొస నుండి కొసకు అంతయు వెదకి చూచునట్లు చేయుదురు. మేడమీద నీళ్లతొట్టి నీడయో, కొబ్బరిమట్టయో, ఆరవేసిన చీరయో పలకకు అడ్డమువచ్చినచో ఏమగునో ఇక మీరే ఊహించుకొనవచ్చును. పలకలు పెట్టువాడు ఉదయము వచ్చి చూచి పోయినచో చాలదు. సాయంకాలపు నీడ యెటు పడునో ఇంటి యిల్లాలికే తెలియును.

మధ్యాహ్నము భోజనమునకు దగ్గరి గ్రామములో ఒక రైతుగారింటికి పిలిచిరి. రాగిముద్ద, చింతపండుపులుసు, వేరుసెనగపొడి. విస్తళ్లు వేయగానే కరెంటు పోయినది. మా వదినగారు ఆగలేక, "ఇంటి మేడమీద పలకలు మెఱయుచుండగా, ఊరి చుట్టును ఇన్నివేల యెకరముల పలకలుండగా, ఇదేమి చోద్యమమ్మా?" అని ఇంజనీరమ్మాయి నడిగిరి. ఆమె నవ్వి చెప్పినది మీకందరకు పనికివచ్చును. మేడమీది మామూలు ఇన్వర్టరు ఊరితీగ లయను పట్టుకొని పాడు జంటగాయకునివంటిది. తీగలో పాట ఆగినంతనే అదియు ఆగవలెను. ఆగక తీగలోనికి విద్యుత్తు పంపుచున్నచో, కరెంటు లేదనుకొని స్తంభమెక్కి పనిచేయు లైన్‌మన్ ప్రాణము పోవును. కావున ఆగుట లోపము కాదు, దానికి నేర్పిన క్రమశిక్షణ. కరెంటు పోయినప్పుడును వెలుగు కావలెనన్నచో బ్యాటరీయు, ఊరితీగనుండి ఇంటిని వేరుచేసి నడుపగల వేరు ఇన్వర్టరును పెట్టించుకొనవలెను. దానికి వ్యయము ఎక్కువ. ఇండ్లమీది పలకలకు కేంద్రప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో పి.ఎం. సూర్యఘర్ అను పథకము నారంభించి, ఒక కిలోవాటుకు 30,000, రెంటికి 60,000, మూడును ఆపైనను 78,000 రూపాయలు సహాయధనముగా నిర్ణయించినది. ఈ పథకము పేర ఇంటికి వచ్చి బేరమాడువారు పైన చెప్పిన రెండు సంగతులను, అనగా నీడ సంగతిని, కరెంటు పోయినప్పటి సంగతిని, తమంతట తాము చెప్పరు. అడిగి తెలిసికొనుడు.

భోజనమైన పిదప అదుపుగదికి పోయితిమి. గోడమీది తెరలపై అంకెలు, గీతలు. ఒక గీత ఉదయమునుండి గోపురమువలె ఎక్కుచు వచ్చి నడుమ నొకచోట పంటిగాటు పడినట్లున్నది. పదకొండుగంటలవేళ ఒక మబ్బు పోయినదట. మేఘమొక్కటి పోయినంతమాత్రమున 13,000 ఎకరములును ఒక్కమారు చీకటికావు. ఒక గ్రామపు పొలము మఱుగుపడునప్పటికి వేఱొక గ్రామపు పొలము తేటపడును. విశాలమగుటలో ఈ మేలు కలదు. ఐనను గాటు గాటే. ఆ లోటును ఆ క్షణముననే ఇంకొకరు పూరింపవలెను. విద్యుత్తును గాదెలో పోసి దాచుట సులభము కాదు గదా. దేశమంతటి తీగల అల్లికను ఒక పెద్ద తిరుగలి యనుకొనుడు. గింజలు ఎక్కువ పోసిన మందగించును. తక్కువైన వడిగా తిరుగును. సెకనుకు యాబది ఊపులనుండి రవ్వంత తొలగినను కాపలావారు కంగారుపడుదురు. నీటిచక్రములు, బొగ్గుచక్రములు ఉన్నచోట ఆ చక్రముల బరువే తిరుగలిని కొంతసేపు నడిపించును. పలకలకు తిరుగు బరువు లేదు. కనుకనే ఇన్వర్టరు నడత ముందుగా తెలిసియుండుట ప్రాణావసరము.

తెలియనిచో ఏమగునో కాలిఫోర్నియాలో 2016 ఆగస్టు 16వ తేదీన తేలినది. బ్లూ కట్ అనుచోట పుట్టిన కార్చిచ్చు పెద్దతీగలకు తగిలి, తీగలలోని అల క్షణకాలము వికృతమాయెను. లయ నిజముగా తప్పలేదు; తప్పినదని పొరబడిన ఇన్వర్టర్లు చేతులెత్తివేసినవి. సుమారు 1,200 మెగావాట్ల సౌరవిద్యుత్తు కన్నుమూసి తెరచునంతలో లేకపోయినది. పలకలు చెడలేదు, ఎండ తగ్గలేదు. గడియారము చూడకమునుపే జాము దాటినదని దీపమార్పిన పనివానివంటి తొందరపాటది. పిదప ఇన్వర్టర్లకు కొంచెము ఓర్పు నేర్పిరి. మన దేశములోను తీగలో ఒత్తిడి క్షణకాలము పడిపోయినప్పుడు పారిపోక నిలిచియుండవలెనని సౌరక్షేత్రములకు నిబంధనలు కలవు. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరదేశము చీకటిపడిన సంగతి కొందఱకు జ్ఞాపకముండును. రెండవనాడు అఱువదికోట్లకు మించిన ప్రజలున్న సీమలకు విద్యుత్తు పోయినది. దానికి సౌరవిద్యుత్తు కారణము కాదు. దక్షిణదేశపు అల్లిక అప్పటికి వేరుగానుండుటచే మనము తప్పించుకొంటిమి. 2013 డిసెంబరు 31న అదియు దేశపు అల్లికతో ఏకమైనది. నాటినుండి అందరిదియు ఒకే తిరుగలి.

సూర్యగ్రహణపు ముచ్చట విని మేము మిక్కిలి సంతోషించితిమి. 2019 డిసెంబరు 26న దక్షిణదేశమున కంకణగ్రహణము పట్టినది. ఉదయము ఎనిమిదిగంటలు దాటిన పిమ్మట స్పర్శ. పదకొండుగంటలు దాటిన పిమ్మట మోక్షము. అనగా పలకలు మేలుకొని పైకి ఎక్కవలసిన వేళకే సూర్యుడు క్షీణించి, మరల కొన్ని గడియలలో నిండుగా వచ్చుచున్నాడు. దిగుటకంటె ఆ యెక్కుటే కష్టము. మామూలు ఉదయముకంటె మిక్కిలి వడి. మబ్బు చెప్పిరాదు గాని గ్రహణము చెప్పివచ్చును. పంచాంగమువారు ఏండ్లముందే ఘడియవిఘడియలు కట్టుదురు. అదుపుకేంద్రములవారు ఆ ఘడియలను తీసికొని, ఏ వేళకు ఏ క్షేత్రమున ఎన్ని మెగావాట్లు తగ్గునో ముందే లెక్కగట్టి, నీటిచక్రములను తక్కిన చక్రములను సిద్ధపఱచుకొని, ఆ పూట గడిపిరి. గ్రహణపుపూట పొయ్యి వెలిగించని యిండ్లలో సైతము దీపములు, పంకాలు ఆగలేదు. మా అమ్మమ్మగారు గ్రహణమునకు ముందే దర్భలు సిద్ధము చేసికొను ముందుచూపునకును దీనికిని పెద్ద భేదము మాకు కనబడలేదు.

సాయంకాలము నాలుగుగంటలవేళ బయటికి వచ్చితిమి. వరుసల నడుమ అయిదారుగురు స్త్రీలు కొడవళ్లతో గడ్డి కోయుచుండిరి. గడ్డి పెరిగి పలకకు నీడపడరాదు గదా. వారిలో పెద్దామెను "ఏమవ్వా, పని యెట్లున్నది?" అని పలుకరించితిమి. "ఏముందమ్మా. నేలుండేవాళ్లకి బాడుగ వస్తాది. మాకు నేల యాడుంది? మునుపు సెనక్కాయ కలుపు తీస్తాంటిమి, కాయ ఇడిపిస్తాంటిమి. ఇప్పుడీ గడ్డి కోసే పని. అదీ దినమూ ఉండదు. గొర్రెలు యాడ మేపల్ల?" అని కొడవలి ఆపకయే చెప్పెను. ప్రక్కనున్న చిన్నామె, తన యింటి పట్టా అత్తగారి పేరనున్నదనియు, గుత్తడబ్బు బ్యాంకునుండి మగవారే తెత్తురనియు, ఎంత వచ్చునో తనకు తెలియదనియు చెప్పి నవ్వెను.

ఇంజనీరమ్మాయి తలవంచుకొనెను. ఆమె తప్పేమియు లేదు. మా మట్టుకు మాకు తోచినది చెప్పెదము. ఒక మబ్బు ఎన్ని నిమిషములు ఎన్ని మెగావాట్లను తినివేయునో లెక్కగట్టగల దేశము, ఒక పొలము పలకలక్రిందికి పోయినప్పుడు ఎన్ని కలుపుదినములు, ఎన్ని కాయవలుపు దినములు, ఎన్ని మేకల మేత పోవునో లెక్కగట్టలేదనుట నమ్మదగినది కాదు. పలకకు అయిదు సంఖ్యలు చాలినప్పుడు ఈ కూలియింటికి అంతకంటె ఎక్కువ కావలసియుండునా? గుత్తపత్రములు వ్రాసిననాడే కూలివారి పేర్ల జాబితాయు వ్రాసి, గడ్డికోత, పలకల కడుగుడు, కావలి మొదలగు పనులు మొదట వారికే యని షరతు పెట్టి, గుత్తడబ్బులో భార్య పేరును చేర్చియుండినచో ఎండపంట ధాన్యపురాశి కొంచెమైనను తరగియుండునా? భూమిని కొనక గుత్తకు తీసికొనిన ఆలోచన మంచిది. అది సగము దారి నడచినది. ఇకముందు మన రాష్ట్రములలో ఇట్టి క్షేత్రములు కట్టువారు మిగిలిన సగమును నడువవలెను. మీ యూరిలో పత్రములమీద సంతకములు జరుగునపుడు మీ సంతకము కూడ అడుగుడు.

అయిదుగంటలైనది. అదుపుగదిలోని గోపురపుగీత క్రిందికి వాలుచున్నది. పలకలు సోలిపోవు ఈ వేళకే దేశమంతట దీపములు వెలుగును, పొయ్యిలమీద అన్నములు ఎక్కును, మిక్సీలు తిరుగును. ఆ బరువును నీటిచక్రములును బొగ్గుచక్రములును ఎత్తుకొనవలెను. 2020 ఏప్రిలు 5వ తేదీ రాత్రి తొమ్మిదిగంటలకు మనమందరము విద్యుద్దీపములార్పి నూనెదీపములు పెట్టినప్పుడు, కొద్ది నిమిషములలో సుమారు 31,000 మెగావాట్ల వాడుక తగ్గిపోగా, ముఖ్యముగా నీటిచక్రములనే తగ్గించి హెచ్చించి అల్లికను నిలిపిరి. మనము గోడమీద నొక్కు మీటలు ఎంత బలమైనవో నాడు తెలిసినది.

ఇంజనీరమ్మాయి బల్లవద్ద కూర్చుండి మఱునాటి అంచనా నింపుచుండెను. దినమును పదునైదేసి నిమిషముల చొప్పున 96 గడులుగా భాగించి, గడికొక సంఖ్య వ్రాసి బెంగుళూరులోని అదుపుకేంద్రమునకు పంపవలెను. సంఖ్యకును మఱునాటి యెండకును మితిమించి భేదము వచ్చిన క్షేత్రమువారు అపరాధరుసుము చెల్లించుకొనవలెను. రాత్రిగడులు సున్నలు గనుక గబగబ నిండినవి. ఉదయపు గడులును ఆమెకు తడువుకొననక్కరలేకపోయినది. మధ్యాహ్నము రెండుగంటల గడివద్ద కలము ఆపి, ఉపగ్రహము పంపిన మబ్బుల పటమును ఒకమారు, కిటికీలోనుండి పడమటి ఆకాశమును ఒకమారు చూచెను. గుట్టల మీద సన్నని తెల్లని చార యొకటి కనబడుచుండెను. ఆమె ఒక సంఖ్యను కొట్టివేసి, తగ్గించి, వేరొకటి వ్రాసెను. బయట గడ్డికోసిన ఆడువారు మోపులు తలకెత్తుకొని వరుసలుగట్టి ఇంటిదారి పట్టిరి. మాకు మడకశిర బస్సు వేళయైనది.